నాగరాజ్ ఛాతీ మీద గీత

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు. జహీరాబాద్ బస్టాండు వెనక సందులో ముప్పై నాలుగేళ్లుగా బట్టలు కుడుతున్నాను. ఒక్క పండక్కి కూడా చెప్పిన రోజుకు ఇవ్వలేదు, అడిగినవాణ్ణి తిట్టకుండా పంపలేదు. అయినా నా దగ్గరికే వస్తారు. దర్జీ శరణప్ప కుట్టిన అంగీ ఛాతీ దగ్గర బిగుసుకోదు, వేలాడదు. మనుషుల్ని నేను మొహాలకంటే కొలతలతోనే ఎక్కువ గుర్తుపెట్టుకుంటాను. మా చిన్నన్న కొడుకు నాగరాజ్ ఛాతీ ముప్పై ఎనిమిది. మా పెద్దన్న కొడుకు వీరేశ్‌ది నలభై నాలుగు, అందులో సగం పొగరు.

బుధవారం పొద్దున ఆ ముప్పై ఎనిమిది ఛాతీని సర్కారు దవాఖానలో కోశారు. నేను శవాల గది గుమ్మం బయట నిలబడి, కనిపించిన ప్రతివాణ్ణీ లోలోపల తిడుతున్నాను.

ముందురోజు సాయంత్రం సంగతి అప్పటికే ఊరంతా పాకింది. వీరేశ్ అల్లం వ్యాపారి, నాగరాజ్ పదకొండేళ్లుగా అతని పికప్ బండికి డ్రైవరు. ఇద్దరూ హుమ్నాబాద్‌లో అల్లం దించి హైవే మీద తిరిగి వస్తున్నారు. చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు దాటుతున్న యాదమ్మ అనే కూలీమనిషిని గుద్ది, బండి కల్వర్టు గోడకు తగిలి రెండు పల్టీలు కొట్టింది. యాదమ్మ అక్కడికక్కడే పోయింది. నాగరాజ్ దవాఖానకు తెచ్చేలోపు పోయాడు. వీరేశ్ నుదుటి మీద మాత్రం గోరంత గాటు పడింది.

"నాగుగాడు కునుకు తీసిండు సార్. నేను పక్క సీట్ల కూసున్న. లేపేలోపే అయిపోయింది" అని వీరేశ్ పోలీసులకు చెప్పాడు. వాళ్లు రాసుకున్నారు. పక్క సీట్లో కూర్చున్నవాడు తాగాడో లేదో చూడ్డానికి గొట్టం ఎవరు ఊదిస్తారు? పైగా చచ్చినవాడు డ్రైవరు. డ్రైవరు కాక ఇంకెవరు నడుపుతారని అందరూ నమ్మారు. నేనూ నమ్మాను. ఆ రాత్రి చచ్చిన బిడ్డను తిట్టాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

నమ్మే ముందు ఒక్క క్షణం ఆలోచించాల్సింది. నాగరాజ్ బండి విషయంలో చాదస్తుడు. పక్కన ఎవరు కూర్చున్నా బెల్టు పెట్టుకునేదాకా బండి కదిలించేవాడు కాదు. ఒకసారి నేను విసుక్కుంటే, "కాకా, నీ ఛాతీ కొలత నీకు ఎరుకేగాని దాని గట్టితనం ఎరుకలే" అని నవ్వి తనే వంగి బెల్టు లాగి తగిలించాడు. వీరేశ్ ఒక్కడే దాన్ని ముట్టుకునేవాడు కాదు. గొంతు దగ్గర బిగుసుకుంటుందనేవాడు. "గీడు నన్ను గుర్రం లెక్క కట్టేస్తడు" అని పదిమందిలో ఎగతాళి చేసేవాడు. యజమాని కాబట్టి నాగరాజ్ ఊరుకునేవాడు.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. పేరు హారిక. కోస్తా వైపు పిల్ల, ఫ్యాక్టరీ ఇంజనీరు కూతురు. చేతులు కడుక్కుని నా ముందు నిలబడింది.

"బయట పెద్ద గాయం ఏమీ లేదండీ. లోపల ఎడమవైపు ఏడు పక్కటెముకలు విరిగాయి. ఒకటి ఊపిరితిత్తిలోకి దిగింది. గుండె దగ్గర పెద్ద రక్తనాళం చిట్లింది. రక్తమంతా ఛాతీలోనే నిండిపోయింది."

"ఒక్క సుక్క బయటికి రాలేగదమ్మా."

"ఛాతీ దెబ్బలు చాలాసార్లు ఇంతే. పైకి మనిషి బాగానే కనిపిస్తాడు. ఎక్కువసేపు బాధపడి ఉండడు. బెల్టు గుర్తు మాత్రం స్పష్టంగా ఉంది, అదీ రాశాను. రిపోర్టు పోలీసులకు వెళుతుంది."

ఆ మాట నా చెవిలో పడిందిగాని బుర్రలో పడలేదు. నేను ఆవిడ భుజం మీదుగా లోపలికి చూస్తున్నాను. అటెండరు నాగరాజ్‌ను గొంతు దగ్గర్నుంచి బొడ్డు కిందిదాకా కుట్టేస్తున్నాడు. ఒక్కో కుట్టుకూ మధ్య రెండు వేళ్ల ఎడం ఉంది.

"గోనెసంచి కుట్టినట్టు కుడుతున్నడేందమ్మా. మనిషి గదా" అన్నాను.

పాపం ఆమె తప్పేముంది, నాకు ఎవరో ఒకరి మీద అరవాలని ఉంది.

అరిచే అవకాశం గేటు దగ్గర మరొకరికి దక్కింది. యాదమ్మ కొడుకు రితేష్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. తల్లి శవాన్ని ఆటోలో ఎక్కించి, తను ఎక్కకుండా వెనక్కి వచ్చాడు. నాగరాజ్ భార్య శివమ్మ, కూతురు స్నేహ గోడవారన నిలబడి ఉన్నారు. స్నేహ పదో తరగతి. రాత్రి నుంచి బట్టలు మార్చలేదు, బడి యూనిఫాంలోనే ఉంది.

"మీ అయ్య నిద్రవోయి మా అమ్మను తొక్కిచ్చిండు" అన్నాడు రితేష్ ఆ పిల్ల మొహంలోకే. "నిద్ర ఆగకుంటే ఇంట్ల పండాలె. నిద్రవోయి మనుషుల్ని సంపుడేంది? మీ ఇంటికి మన్ను వడ!"

స్నేహ తల దించుకుంది. ముప్పై నాలుగేళ్లు ఊరినంతా తిట్టిన నాకు ఒక్క జవాబు దొరకలేదు, ఎందుకంటే వాడు చెప్పింది నిజమనుకున్నాను. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, మా నాగరాజ్‌కు ఆ భాగ్యం కూడా లేదు. చచ్చిన గంటలోనే వాడి కళ్లు స్టీరింగు మీద మూతపడిన కళ్లయిపోయాయి. ఆ పిల్ల బడికి పోయినా, రేపు ఇంకో ఇంటికి పోయినా, ఆ మాట ఆమె వెంటే పోతుంది.

వీరేశ్ మాత్రం అందరికంటే ముందున్నాడు. శవాన్ని తీసుకుపోయే వ్యాను తెచ్చాడు, పూలు తెచ్చాడు, కుర్చీ తెచ్చాడు. "అంత నేను సూసుకుంట, ఎవ్వరు ఫికర్ జెయ్యకున్రి" అని ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికి చేరగానే గొడవ మొదలైంది. మాలో శవాన్ని పడుకోబెట్టి తీసుకుపోరు. స్నానం చేయించి, నడుం పైన గుడ్డ లేకుండా ఒళ్లంతా విభూతి పూసి, కుర్చీలో కూర్చోబెడతాం. మెడలోని లింగాన్ని ఎడమ అరచేతిలో పెడతాం. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే మట్టిలోకి దించుతాం. గుంతలోకి దిగి పట్టుకునే దగ్గరి మగవాళ్లు కూడా అంగీ విప్పి ఛాతీకి విభూతి పూసుకోవాలి. మా ఇంట్లో తాతల నాటినుంచీ ఇదే పద్ధతి.

"కాకా, కోసిన శరీరం. గుడ్డ ఇప్పొద్దు" అన్నాడు వీరేశ్. "గట్లనే కూసోవెట్టి తీస్కపోదాం. పోరి సూస్తే భయపడ్తది."

మా కులపెద్ద చెన్నబసప్ప కూడా తలూపాడు. ఎనభై ఏళ్ల మనిషి, త్వరగా ముగిస్తే చాలనుకున్నాడు. నేనూ సరేననేవాణ్ణే, అంతలో శివమ్మ గడపలోంచి లేచి వచ్చింది. రాయికోడ్ రైతుబిడ్డ, పెళ్లయి ఏళ్లు గడిచినా పెద్దల ఎదుట గట్టిగా మాట్లాడి ఎరగదు.

"బావా, నా పెనిమిటి దొంగసొమ్మా మూటగట్టి పాతిపెట్టనీకి? కోస్తే కోసిన్రు. నేను సూస్త, నా బిడ్డ సూస్తది. అందరు పోయినట్టే పోతడు."

"అది గాదు శివమ్మా…"

"ఇప్పున్రి."

విప్పాం. స్నానం నేనే చేయించాను, ఆ కుట్టు తప్ప నా కంట మరేదీ పడలేదు. పెరట్లో బల్ల మీద తడి విభూతి పూస్తుంటే, ఎడమ భుజం దగ్గర నా వేలికి చర్మం కాక ఎండిన తోలు తగిలింది. తుడిచి చూశాను. ఎడమ భుజం నుంచి గుండె మీదుగా కుడి నడుముదాకా రెండంగుళాల వెడల్పున పట్టీ, కాలిన రొట్టె రంగులో ఉంది. మళ్లీ పూశాను. ఒళ్లంతా విభూతి ఆరి తెల్లగా పట్టుకుందిగాని ఆ పట్టీ మీద మాత్రం నిలవలేదు, రాలిపోయింది. తెల్లటి ఛాతీ మీద ఏటవాలు గీత ఒకటి మిగిలింది.

"బాపనోళ్ల జంజెం లెక్క ఉన్నదిరా" అన్నాడు చెన్నబసప్ప.

అప్పుడు డాక్టరమ్మ చెప్పిన బెల్టు మాట బుర్రలోకి దిగింది.

ఎదురుగా నిలబడి కొలత తీసేవాడికి కుడి ఎడమలు తారుమారవుతాయి. కొత్తలో నేనే జేబు ఒకవైపు కుట్టబోయి ఇంకోవైపు కుట్టాను. అందుకే కంటిని నమ్మలేదు. చేతులు కడుక్కుని వీధిలోకి వెళ్లి, వ్యానులో డ్రైవరు సీటు ఎక్కి కూర్చున్నాను. డ్రైవరు అఖిలేష్ బీడీ పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"తాతా, ఏం జేస్తున్నవ్? తాళం ముట్టకు!"

"నోర్ముయ్" అని బెల్టు లాగాను. అది నా కుడి భుజం మీదుగా వచ్చి ఎడమ నడుము దగ్గర తగులుకుంది. దిగి, చుట్టూ తిరిగి, రెండో సీట్లో కూర్చుని మళ్లీ లాగాను. ఎడమ భుజం మీదుగా కుడి నడుముకు వచ్చింది. నా టేపు తీసి దాని వెంట పట్టి చూశాను. విభూతి అంటుకున్న నా వేళ్లు ఇందాక వాడి ఒంటి మీద ఏ దారిన పోయాయో, టేపు అదే దారిన పోయింది.

"గది డ్రైవర్ బెల్టు గాదు తాతా, పక్కసీటుది" అన్నాడు అఖిలేష్.

ముందు ఏడుపు వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. కోపమే నిలిచింది. ఆ క్షణాన వీరేశ్ దొరికితే కత్తెరతో పొడిచేవాణ్ణే, అబద్ధమెందుకు.

కాని అరిస్తే ఏమవుతుంది? శరణప్పకు నోరెక్కువ అంటారు. దెబ్బ ఎట్లా తగిలితే ఏముంది, బండి పల్టీలు కొట్టింది గదా అంటారు. డాక్టరమ్మ కాగితం వారానికో పదిరోజులకో పోలీసు స్టేషను చేరుతుంది. అందులో గీత ఎటునుంచి ఎటో ఎవడు చదువుతాడు? అప్పటికి నాగరాజ్ మట్టిలో ఉంటాడు. ఒక ఛాతీ సగం సంగతే చెబుతుంది. మిగతా సగం నలభై నాలుగు కొలతలో, నేను కుట్టిన తెల్ల అంగీ కింద ఉండాలి. పొద్దున్నుంచీ వీరేశ్ కుడిచెయ్యి ఎత్తకపోవడం, ఫోను ఎడమచేత్తో పట్టుకోవడం అప్పుడు గుర్తొచ్చాయి.

లోపలికి వెళ్లి అందరి ముందూ అన్నాను. "వీరేశ్, గుంతల కుడిదిక్కు నువ్వే పట్టాలె. ఎడమదిక్కు నేను పడ్త. పదకొండేండ్లు నీకు చేసిండు."

"నాకు ఒళ్లు నొస్తున్నది కాకా. వేరేటోళ్లు…"

"నీకేం గాలేదంటివి గదరా. పక్కన కూసున్నవంటివి."

పెద్దలు చూస్తున్నారు, శివమ్మ చూస్తోంది. పొద్దున్నుంచి అన్నీ తానై తిరిగినవాడు ఈ ఒక్క పనికి కాదనలేకపోయాడు. "సరే కాకా" అన్నాడు.

కుర్చీలో నాగరాజ్‌ను కూర్చోబెట్టి ఊరి బయట మా సమాధుల జాగాకు తీసుకుపోయాం. మాలో ఆడవాళ్లూ వస్తారు. వాడి ఛాతీ మీద పూలదండ వేయబోతే నేను వేయనివ్వలేదు, మెడ వెనక్కి తోశాను. దారి పొడుగునా జనం చూశారు. గోనెసంచి కుట్టును చూసి మొహం తిప్పుకున్నారు గాని గీతను ఎవరూ పట్టించుకోలేదు.

గుంత దగ్గర రితేష్ అప్పటికే ఉన్నాడు. వెంట వాళ్ల బస్తీవాళ్లు నలుగురు, గొడవవుతుందని వచ్చిన కానిస్టేబులు ప్రకాశం ఉన్నారు. రితేష్ తడిబట్టలతోనే వచ్చాడు.

"మా అమ్మను మట్టిల పెట్టి సీదా ఇటే వచ్చిన" అన్నాడు. "మా అమ్మకు మొకం గూడ మిగల్లే. గీనికి కుర్చీ, పూలు, బాజా! సంపినోనికి గింత మర్యాదనా?"

మావాళ్లు ఇద్దరు ముందుకు దూకారు. వీరేశ్ ఎడమచెయ్యి అడ్డం పెట్టి పెద్దమనిషిలా అన్నాడు. "తమ్మీ, పోయినోన్ని ఏమనకు. తప్పు అయింది వాంతోని. నేను ఒప్పుకుంటున్న గద."

వాంతోని! ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. అయినా పళ్లు బిగబట్టుకుని అంగీ విప్పి, విభూతి పూసుకుని గుంతలోకి దిగాను. "ఆగు తమ్మీ, జర సేపు ఆగి సూడు" అని రితేష్‌తో అన్నాను. వీరేశ్ కూడా దిగాడు, అంగీతోనే.

"అంగీ ఇప్పు."

"ఉండనియ్ కాకా, ఏమైతది."

"మన ఇంట్ల ఎవ్వడన్న అంగీతోని దిగిండారా?"

"ఇప్పు వీరేశ్, ఆచారం" అన్నాడు పైనుంచి చెన్నబసప్ప.

వీరేశ్ ఎడమచేత్తో రెండు గుండీలు తీసి ఆగాడు. ఆ చెయ్యి తెలియకుండానే కుడి భుజం మీదికి పోయింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అని ఊరికే అనలేదు. నేను ముందుకు వంగి మిగిలిన గుండీలు నేనే తీశాను. నేను కుట్టిన గుండీలు, ఎట్లా ఊడతాయో నాకు తెలుసు. నా చెయ్యి నెట్టేయబోయాడుగాని కుడిచెయ్యి లేవలేదు. అంగీ వెనక్కి లాగేశాను.

కుడి భుజం నుంచి ఎడమ నడుముదాకా నేరేడుపండు రంగులో గీత ఉంది. ఒక రోజు కూడా కాని కమిలిన గాయం.

పైన గుంత అంచున కుర్చీలో నాగరాజ్, కింద అంగీ లేని వీరేశ్. ఒకరిది ఇటు, ఒకరిది అటు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పెడితే కత్తెర అవుతాయి.

"సూడున్రి!" అని అరిచాను. పొద్దున్నుంచీ దాచుకున్న గొంతంతా అప్పుడు వాడాను. "రితేష్, నువ్వు సూడు. స్టీరింగ్ ముంగట కూసున్నోనికి బెల్టు కుడి బుజం మీంచి వస్తది. పక్కన కూసున్నోనికి ఎడమ బుజం మీంచి వస్తది. మా నాగుగాని గీత ఏ దిక్కున్నది? గీ కొడుకుది ఏ దిక్కున్నది? మీ అమ్మను సంపినోడు కుర్చీల లేడు, గుంతల ఉన్నడు!"

ప్రకాశం స్టేషను జీపు నడిపే మనిషి. చేతిని తన కుడి భుజం మీద పెట్టుకుని, ఎడమ నడుముదాకా మెల్లగా దించుకున్నాడు. మళ్లీ ఒకసారి అలాగే చేశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి ఇద్దరి ఛాతీలూ ఫోటో తీశాడు.

"బండి పల్టీలు కొట్టింది కాకా" అన్నాడు వీరేశ్. "ఎటు తగిలిందో, ఎట్ల తగిలిందో నాకేమెరుక…"

"బావా." శివమ్మ గుంత అంచుకు వచ్చింది. గొంతు పెంచలేదు. "నువ్వు ఏనాడన్న బెల్టు పెట్టుకున్నవా? గుర్రం లెక్క కట్టేస్తడని నవ్వెటోనివి. నిన్న నీకు ఎవరు పెట్టిన్రు?"

వీరేశ్ నాగరాజ్ వైపు చూశాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు, నేను చూశాను. కాని కుర్చీలో కూర్చున్నవాడు కళ్లు మూసుకునైనా ఎదురుగానే ఉన్నాడు.

"నాగుగాడే" అన్నాడు.

"గట్టిగ చెప్పు."

"నాగుగాడే పెట్టిండు. తాగిన్నని తాళం ఇయ్యనన్నడు. బండి నాది, నువ్వెవనివిరా అని చెంప మీద కొట్టి గుంజుకున్న. ఏం మాట్లాడకుంట పక్కకు ఎక్కిండు. ఎక్కి, నా మీదికెల్లి వంగి, బెల్టు గుంజి తగిలిచ్చిండు. అన్నా, జర నెమ్మదిగ పోనీ అన్నడు."

అక్కడున్న ఆడవాళ్లలో ఎవరో ఏడుపు ఎత్తుకున్నారు. రితేష్ గుంతలోకి దూకబోతే బస్తీవాళ్లే నడుం పట్టుకుని ఆపారు. నేనైతే ఆపేవాణ్ణి కాదు.

"ఎక్కు పైకి. నా పెనిమిటిని ముట్టకు" అంది శివమ్మ.

వీరేశ్ ఒంటిచేత్తో మట్టి పట్టుకుని పైకి పాకాడు. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. ప్రకాశం మాత్రం పైకి వచ్చినవాడి రెక్క పట్టుకున్నాడు, అదీ నొప్పి ఉన్న రెక్కే. శివమ్మ చీరకుచ్చిళ్లు దోపుకుని గుంతలోకి దిగింది. ఆడది దిగరాదని చెన్నబసప్ప ఏదో అనబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

కుడివైపు ఆమె, ఎడమవైపు నేను పట్టుకుని నాగరాజ్‌ను దించి కూర్చోబెట్టాం. అరచేతిలో లింగం సరిచేశాను. మట్టి పోయడం మొదలైంది. ముందు మోకాళ్లు మునిగాయి, తర్వాత నడుము, తర్వాత ఆ గోనెసంచి కుట్టు. మేమిద్దరం పైకి వచ్చి నిలబడ్డాం. రితేష్ అక్కడే ఉన్నాడు. స్నేహ అతని ఎదురుగా నిలబడింది. గీత మొత్తం మట్టిలో మునిగేదాకా ఆ పిల్ల తల దించలేదు.